పటమెక్కని పల్లెకు పరపతి ఎట్లు?



మీ చేను ఎక్కడున్నదని బ్యాంకు వారు అడిగితే మీరు తడుముకోకుండా సర్వే నంబరు చెప్పి, అడంగలు నకలో పహాణీ నకలో ముందుంచుతారు. ఆ నంబరు వెనుక ఒక పటమున్నది. ఆ పటం వెనుక ఎండనక వాననక గొలుసు లాగి, రాళ్ళు పాతిన మనుషుల శ్రమ ఉన్నది. మైదాన ప్రాంతపు రైతుకు ఈ వసతి పుట్టుకతోనే వచ్చినట్లుంటుంది గనుక దాని విలువ సాధారణంగా తలపునకు రాదు. దేశపు ఉత్తరపుటంచున, ఒకవైపు టిబెట్టు, మరొకవైపు నేపాలు సరిహద్దులుగా గల పిథోరాగఢ్ జిల్లా పల్లెల సంగతి తెలుసుకొంటే ఆ విలువ చక్కగా బోధపడుతుంది. కొండల నడుమ ఒక ఊరిని పటంలోనికి ఎక్కించడం ఎంత కష్టమో, ఎక్కించని నాడు ఆ ఊరివాడు ఏమి కోల్పోతాడో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

జపమాలతో కొలిచిన దారి

ఉత్తరాఖండ్‌లోని ఈ జిల్లాలో, గోరీ గంగ పుట్టే హిమానీనదానికి సమీపాన, సుమారు 3,400 మీటర్ల ఎత్తున మిలమ్ అనే గ్రామమున్నది. ఇక్కడి శౌకా వర్తకులు తరతరాలుగా గొర్రెల మీద, మేకల మీద ధాన్యపు సంచులు వేసుకొని కనుమలు దాటి టిబెట్టుకు పోయి, ఉన్ని, ఉప్పు, వెలిగారం తెచ్చి అమ్మేవారు. దారులు, కనుమలు, మజిలీలు వారికి కంఠస్థం. కాని ఆ తెలివి కాగితం మీద లేదు.

కాగితం మీద దేశాన్ని కొలిచే పని 1802లో మద్రాసు దగ్గర ఆరంభమైనది. విలియం లాంబ్టన్ అక్కడ ఒక ఆధార రేఖను కొలిచి, త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకొంటూ ఉత్తరానికి నడిపించాడు. ఆ పని మన తెలుగు నేల మీదుగా కూడా సాగినది. అతని తరువాత ఆ బాధ్యత వహించిన జార్జ్ ఎవరెస్టు తొలి రోజులలో కృష్ణా గోదావరుల నడుమ అడవులలో పనిచేసి, తీవ్రమైన జ్వరాల పాలైనాడు. ఆ త్రిభుజాలు హిమాలయం దాకా చేరాయి గాని, ఆవలి వైపు అడుగు పెట్టడానికి విదేశీ సర్వేదారులకు అనుమతి లేదు.

అప్పుడు మాంట్‌గోమరీ అనే అధికారి స్థానికులకే శిక్షణ ఇచ్చే ఏర్పాటు చేశాడు. అట్లా ఎంపికైన వారిలో ప్రముఖుడు మిలమ్ బడిపంతులు నైన్ సింగ్ రావత్ (జననం 1830). డెహ్రాడూన్‌లో ఆయనకు ఒకే కొలత అడుగులు వేయడం నేర్పారు. మామూలు జపమాలకు 108 పూసలుంటాయి. ఆయన మాలకు 100 మాత్రమే. నూరడుగులకొక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు, అంటే సుమారు ఐదు మైళ్ళు. దిక్సూచి, లెక్కల కాగితాలు ప్రార్థన చక్రంలో దాచుకొన్నాడు. నీరు ఎంత వేడికి మరుగుతున్నదో చూచి ఎత్తు కట్టాడు. 1866 జనవరిలో లాసా చేరి, ఆ నగరపు స్థానాన్ని, ఎత్తును నిర్ణయించాడు. దారి ఖర్చులు తరిగిపోయినప్పుడు నేపాలీ వర్తకులకు మన పద్ధతిలో లెక్కలు నేర్పి సంపాదించుకొన్నాడు. 1874-75లో లేహ్ నుండి లాసా మీదుగా తవాంగ్ దారిన అస్సాముకు చేరాడు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణ పతకమిచ్చినది. 2004లో మన తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ విడుదల చేసినది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటున్నది. పటం గీయడానికి పరికరం ఎంత అవసరమో, ఆ నేల ఎరిగిన మనిషి అంత అవసరం.

రెండు ఊళ్ళ కాపురం

మీరే ఆ లోయలోని రైతు అనుకోండి. మే నెలలో మంచు కరగగానే గొర్రెలను తోలుకొని పై ఊరికి వెళతారు. అక్కడ బంగాళాదుంప, బక్‌వీట్ వేస్తారు, ఉన్ని వడుకుతారు. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి తలుపులకు తాళం వేసి కింది ఊరికి దిగుతారు. జోహార్ లోయవారికి మున్సియారి ప్రాంతం, బ్యాన్స్, దార్మా లోయలవారికి ధార్చులా పరిసరాలు చలికాలపు నెలవులు. ఇల్లు రెండు చోట్ల, చేను రెండు చోట్ల. ఇప్పుడు చెప్పండి, మీది ఏ ఊరు?

ఈ ప్రశ్న జనాభా లెక్కలవారికీ ఎదురైనది. 2011 జనగణనకు దేశమంతటా మార్చి 1వ తేదీ ప్రమాణం కాగా, మంచు కప్పే ప్రాంతాలకు 2010 అక్టోబరు 1వ తేదీని నిర్ణయించారు. 2027 జనగణనకు కూడా అటువంటి ప్రాంతాలకు 2026 అక్టోబరు 1వ తేదీనే ప్రకటించారు. చలికాలంలో లెక్కిస్తే పై ఊళ్ళలో మనిషే కనిపించడు. కనిపించని ఊరికి బడి ఎందుకు, ఆసుపత్రి ఎందుకు, రోడ్డు ఎందుకు అనే మాట తేలికగా వస్తుంది.

1962 యుద్ధంతో టిబెట్టు వర్తకం ఆగిపోయినది. వర్తకమే ప్రాణమైన మిలమ్ వంటి ఊళ్ళు క్రమంగా ఖాళీ అయినాయి. లిపులేఖ్ కనుమ గుండా 1992లో వర్తకం తిరిగి మొదలై గుంజి గ్రామం మండీగా నడచినది. 2020లో అదీ ఆగినది. జీవనం దొరకక కొండలు దిగినవారు ఆ ఒక్క జిల్లాలోనే లేరు. ఉత్తరాఖండ్ వలసల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2011 తరువాత ఆ రాష్ట్రంలో 734 గ్రామాలు పూర్తిగా నిర్జనమైనాయి. మన రెవెన్యూ లెక్కలలో ఇటువంటి ఊరిని బేచిరాక్ గ్రామమంటారు. దీపం లేని ఊరని దాని అర్థం. పటంలో పేరుండి దీపం లేని ఊళ్ళు కొన్ని, దీపముండి పటంలో సరిగా లేని ఇళ్ళు కొన్ని. పరపతికి రెండూ చిక్కులే.

నాలీ కొలత, గోల్ ఖాతా

కుమావూఁ కొండలలో భూమిని ఎకరాలలో గాక నాలీలలో చెబుతారు. నాలీ అనేది మొదట ధాన్యపు కొలపాత్ర. అన్ని గింజలు చల్లే నేలకు ఆ పేరే నిలిచినది. మన పెద్దలు పుట్టెడు నేల, తూమెడు నేల అన్నట్లే ఇదీ. ఇరవై నాలీలు ఒక ఎకరం. ఒక్కొక్క రైతుకు ఉండేది కొద్ది నాలీలు. అవి కూడా ఒక్కచోట గాక, పది మెట్ల మీద పది ముక్కలుగా ఉంటాయి.

1823లో ట్రెయిల్ దొర చేసిన బందోబస్తులో అక్కడి ఊళ్ళ పొలిమేరలు వ్రాతలోనికి వచ్చాయి. విక్రమ శకం 1880వ ఏట జరిగినది గనుక దానిని నేటికీ ‘అస్సీ సాలా’ అంటారు. ఫలానా వాగు, ఫలానా గుట్ట, ఫలానా చెట్టు అని మాటలతో వ్రాసిన హద్దులవి. వాగు దారి మార్చుకొంటే, కొండచరియ విరిగిపడితే హద్దు మాటకు మిగులుతుంది గాని నేల మీద మిగలదు. ఆ కొండలలో ఇది ఏటా జరిగే పని.

మరొక చిక్కు గోల్ ఖాతా. ముత్తాత పేర ఉన్న ఖాతాలో అన్నదమ్ముల పిల్లలు, వారి పిల్లలు అందరూ ఉమ్మడి హక్కుదారులు. నేల మీద ఎవరి మెట్టు వారికి తెలుసు. కాగితం మీద విభజన లేదు. ఒకరు ఢిల్లీలో, ఒకరు సైన్యంలో, ఒకరు హల్ద్వానీలో ఉంటారు. ఊళ్ళో మిగిలి సేద్యం చేస్తున్న విధవరాలు అప్పు కావాలంటే ఇంతమంది సంతకాలు ఎక్కడినుండి తెస్తుంది? ఆమె నిజాయితీని శాఖాధికారి శంకించడు. ఆమె వాటా ఏదో చూపే గీత పటంలో లేదు, అంతే.

కొండ వాలు మరొక లెక్క చెబుతుంది. పటం కొలిచేది వాలు వెంబడి దూరం కాదు, మట్టసపు దూరం. ముప్పది డిగ్రీల వాలు మీద నూరు మీటర్లు నడిస్తే పటంలో దాదాపు 87 మీటర్లే వస్తుంది. నడచి చూచిన కంటికి, పటంలోని అంకెకు ఈ తేడా ఉండితీరుతుంది. తెలియక, సర్వే వారు భూమి తగ్గించారని తగవుపడేవారున్నారు.

సున్నపు గీతలు, ఆకాశపు కన్ను

2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకాన్ని ప్రారంభించినది. తొలి విడత రాష్ట్రాలలో ఉత్తరాఖండ్ ఒకటి. ఇది పొలాలకు సంబంధించినది కాదు, ఊరిలోని నివేశన స్థలాలకు సంబంధించినది. పద్ధతి ఇది: ముందుగా గ్రామసభ పెట్టి విషయం చెబుతారు. ఎవరి ఆవరణ చుట్టూ వారి ఎదుటనే సున్నంతో గీతలు గీస్తారు. తరువాత భారత సర్వే శాఖ పంపిన డ్రోన్ ఆ ఊరి మీద ఎగిరి ఫోటోలు తీస్తుంది. వాటినుండి తయారైన పటాన్ని మళ్ళీ ఊరికి తెచ్చి, ఇంటింటికీ సరిచూస్తారు. ఆక్షేపణలు విని, తీర్చి, చివరకు ఆస్తి కార్డు ఇస్తారు. తొలి కార్డులను 2020 అక్టోబరు 11న పంపిణీ చేశారు.

ఇందులో ఆకాశం నుండి జరిగే పని కొంతే. సున్నపు గీత గీసేనాడు ఇంటివారు లేకపోతే డ్రోన్ ఎంత చక్కగా చూచినా లాభం లేదు. రెండు ఊళ్ళ కాపురం చేసే కుటుంబానికి ఇదే అసలు పరీక్ష. సర్వే వచ్చిననాడు కింది ఊరిలో ఉన్నవాని పై ఊరి ఇంటి హద్దు ఎవరు చూపాలి?

అప్పటివరకు సరిహద్దు ప్రాంతాల పటాలు సామాన్యులకు సులభంగా దొరికేవి కావు. 2005 జాతీయ పటాల విధానం రక్షణకు వేరు, ప్రజలకు వేరు పటాలను ఏర్పరచినది. 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు నియమాలను మరింత సడలించాయి. 2023 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన వైబ్రంట్ విలేజెస్ కార్యక్రమానికి 4,800 కోట్ల రూపాయలు కేటాయించి, ఉత్తర సరిహద్దున 19 జిల్లాలలోని 2,967 గ్రామాలను గుర్తించారు. మొదటి విడతకు ఎంచిన 662లో ఉత్తరాఖండ్ గ్రామాలు 51. ఊళ్ళను ఒక్కొక్కటిగా గుర్తించి పేరు వ్రాసుకొన్న తరువాతనే నిధులు కదిలాయని గమనించండి.

బ్యాంకుకు పటంతో పని ఏమిటి?

1989 ఏప్రిల్ 1 నుండి రిజర్వు బ్యాంకు సేవా ప్రాంత పద్ధతిని అమలు చేసి, ఒక్కొక్క గ్రామీణ శాఖకు 15 నుండి 25 గ్రామాలను కేటాయించినది. ఏ ఊరు ఏ శాఖదో, అక్కడ ఏ పంట, ఏ వనరు, ఎంత పరపతి అవసరమో ఊరూరా తిరిగి వ్రాసుకొనడం ఆనాటి క్షేత్రాధికారి విధి. 2004 చివరితో ఆ నిర్బంధం తొలగినా ఆ తెలివి అవసరం తొలగలేదు. గుంజిలో ఇంటిలో రెండు గదులు యాత్రికులకు సిద్ధం చేసుకొనేవానికి, మున్సియారి రాజ్మా పండించేవానికి, భోటియా దన్ తివాచీ నేసే మగ్గానికి అప్పు ఇవ్వాలంటే ఇల్లెక్కడ, చేనెక్కడ, దారి ఎన్ని నెలలు తెరచియుండునో తెలియాలి.

ఇప్పుడు మీ సంగతి. ఋణగ్రహీతలైన మిత్రులు ఈ నాలుగు మాటలు మనసున పెట్టుకోవాలి:

1. సర్వే వచ్చిననాడు స్వయంగా హాజరుకండి. రాలేకపోతే నమ్మకమైన వారిని హద్దు చూపడానికి నిలపండి.

2. ముసాయిదా పటంలో మీ పేరు, ఇంటి కొలత, పక్కవారి హద్దు చదివించుకొని వినండి. ఆక్షేపణ ఉంటే గడువులోగా వ్రాతపూర్వకంగా ఇవ్వండి.

3. తాత పేర ఉన్న ఖాతాను వారసుల పేరకు మార్పించుకొనడం అప్పు అవసరమైననాడు గాక, అవసరం లేనినాడే చేయండి.

4. ఆస్తి కార్డు ఇంటి స్థలానికి రుజువు. పొలం హక్కుకు పొలం రికార్డే చూపాలి. కార్డును తాకట్టుగా స్వీకరించడం రాష్ట్ర చట్టాన్ని, బ్యాంకు నియమాలను బట్టి ఉంటుంది గనుక ముందే శాఖలో అడగండి.

డీలర్లైన మిత్రులకు ఒక మనవి. యంత్రం గాని, విత్తనం గాని, ఎరువు గాని కొటేషను ఇచ్చేటప్పుడు పటంలోని గాలి దూరం చూచి రవాణా ఖర్చు వేయవద్దు. కొండదారిలో ఐదు కిలోమీటర్ల గాలి దూరం ఒక పూట ప్రయాణం కావచ్చు. రైతు చెప్పిన విస్తీర్ణాన్ని రికార్డుతో పోల్చి సరుకు లెక్కకట్టండి. మెట్ల పొలానికి ట్రాక్టరు కొటేషను ఇస్తే ఆ అప్పు ఎవరి చేత తీరుతుంది? ఇద్దరు మోయగల చిన్న యంత్రమే అక్కడ పనికివస్తుంది.

తెలుగునాట భూముల పునఃసర్వే ఎదుర్కొన్న రైతులకు ఈ మాటలు కొత్త కావు. మన్యం కొండలలో పోడు చేసుకొనే గిరిజన సోదరులకు మరింత దగ్గరగా తోస్తాయి. పటం మీదనున్న గీత సన్నదే గాని, దానికి ఇవతల నిలిచినవాడు హక్కుదారు, అవతల నిలిచినవాడు అర్జీదారు. మీ గీత ఎక్కడ పడుతున్నదో మీ కళ్ళ ఎదుటనే పడనివ్వండి.