కొట్టు పెట్టే ముందు మూడు లెక్కలు

డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని చాలామంది ఆడవాళ్లు చిల్లర కొట్టు పెడతారు. కొట్టు నడిస్తే ఇల్లు గడుస్తుంది. నడవకపోతే సరుకు పాడవుతుంది. అప్పు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ముందు మూడు లెక్కలు చూసుకోవాలి.

ఎక్కడ పెట్టాలి?

ఊరి నడుమ 180 ఇళ్లు ఉన్నాయనుకుందాం. అక్కడ ఇప్పటికే రెండు కొట్లు ఉన్నాయి. మూడోది పెడితే ఒక్కో కొట్టుకు 60 ఇళ్లే వస్తాయి. ఊరి చివర కాలనీలో 80 ఇళ్లు ఉన్నాయి. కొట్టు ఒక్కటీ లేదు. పావుకిలో చక్కెర కోసం ఎవరు మాత్రం అంత దూరం నడుస్తారు? కాలనీలో పెడితే ఆ 80 ఇళ్ల వాళ్లూ రావచ్చు.

కానీ కాలనీ వాళ్లు రోజూ బస్సుకో, కూలికో ఊరి నడుమకే పోతుంటే, సరుకులు అక్కడే కొనుక్కోవచ్చు. అందుకని ముందుగా వాళ్లనే అడిగి చూడాలి.

ఎంతకు అమ్మాలి?

రవ్వ కిలో 40 రూపాయలకు కొని 45కు అమ్మితే లాభం 5 రూపాయలు. వారానికి 30 కిలోలు పోతే 150 రూపాయలు మిగులుతాయి. పక్క కొట్టు మీద పోటీతో 43కు అమ్మితే లాభం 3 రూపాయలే. అదే 150 రావాలంటే 50 కిలోలు అమ్మాలి. పక్క కొట్టు వాళ్లూ ధర తగ్గిస్తే? ఇద్దరి లాభమూ పోతుంది. అంతకంటే సరైన తూకం, శుభ్రమైన సరుకు, తెల్లవారుతూనే కొట్టు తెరవడం మేలు.

ప్యాకెట్ మీద వేసిన ధర కంటే తక్కువకు అమ్మవచ్చు. ఎక్కువకు అమ్మకూడదు. అమ్మితే 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కింద జరిమానా పడుతుంది.

ఎంత సరుకు తేవాలి?

బన్ను 4 రూపాయలకు కొని 5కు అమ్మితే లాభం ఒక రూపాయి. ఒక్క బన్ను మిగిలి పాడైతే 4 రూపాయలు పోతాయి. అంటే నాలుగు బన్నుల మీద వచ్చిన లాభం పోయినట్టే.

రోజూ పది బన్నులు తెస్తున్నారనుకుందాం. పదో బన్ను అయిదు రోజుల్లో నాలుగు రోజులు అమ్ముడైతే దాని మీద లాభమూ లేదు, నష్టమూ లేదు. మూడు రోజులే అమ్ముడైతే నష్టం. అప్పుడు తొమ్మిదే తేవాలి.

ఉప్పు, సబ్బులు అలా కాదు. ఈ రోజు పోకపోతే రేపు పోతాయి. అయినా మరీ ఎక్కువ తెస్తే డబ్బు సరుకులో ఇరుక్కుంటుంది. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

రేపు ఎంతమంది వస్తారో ఎవరికీ తెలియదు. పండగకు ఎక్కువ, వాన రోజు తక్కువ. అందుకే ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఏం తెచ్చారు, ఏం మిగిలింది, ఏ సరుకు లేక ఎందరు తిరిగిపోయారు, ఇవన్నీ రోజూ రాత్రి రాయాలి. నెల తిరిగేసరికి ఏది ఎంత తేవాలో ఆ పుస్తకమే చెబుతుంది.