మీకు తెలుసా? డ్రాగన్లకు గుడి కట్టిన లోకం

కల్పిత లోకాల్లో దేవుళ్లకు కొదవ లేదు. ఒక పేరు, ఒక ఆయుధం, ఒక పండగ రోజు రాసేస్తే దేవుడు తయారవుతాడు. మతాన్ని తయారు చేయడం మాత్రం అంత తేలిక కాదు. అందులో కప్పం వసూలు చేసేవాడు ఉండాలి, శవాన్ని ఎలా పూడ్చాలో తెలిసినవాడు ఉండాలి, నిన్నటి పూజారి మీద ఇవాళ తిరగబడేవాడు ఉండాలి. అమెరికాలోని బెథెస్డా సంస్థ 'ఎల్డర్ స్క్రోల్స్' వీడియో గేమ్‌ల కోసం అల్లిన డ్రాగన్ మతంలో వీళ్లంతా ఉన్నారు. ఆ వరసలో అయిదోదైన 'స్కైరిమ్' 2011 నవంబరు 11న విడుదలైంది. 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని దర్శకుడు టాడ్ హోవర్డ్ 2023లో చెప్పారు. ఆడినవాళ్లలో చాలామంది కత్తి పట్టుకుని డ్రాగన్ వెంట పరుగెత్తినవాళ్లే. దారిలో పాడుబడ్డ గుళ్ల దగ్గర కాసేపు ఆగి చూస్తే దొరికే సంగతులు ఇవి.

తలుపు తాళంలో పాత దేవుళ్లు

ఆ లోకంలో ఉత్తరాన ఆట్మోరా అనే మంచు ఖండం ఉంది. నోర్డ్ జాతి పూర్వీకులు అక్కడివాళ్లే. వాళ్లు జంతువుల్ని కొలిచారు: డేగ, తోడేలు, పాము, చిమ్మట, గుడ్లగూబ, తిమింగలం, ఎలుగుబంటి, నక్క, డ్రాగన్. వీటన్నిటిలో డ్రాగన్‌దే పెద్దపీట. ఆటలో సమాధుల తలుపులు తెరవాలంటే ఎలుగు, చిమ్మట, గుడ్లగూబ బొమ్మలున్న రాతి చక్రాల్ని సరిగ్గా తిప్పాలి. పాము, డేగ, తిమింగలం చెక్కిన స్తంభాల్ని వరస తప్పకుండా నిలపాలి. ఆడేవాళ్లకు అది ఒక చిక్కుముడి, అంతే. ఆ చిక్కుముడి నిండా ఉన్నది మాత్రం మరుగున పడిన దేవతల జాబితా.

పూజారి రాజైతే

డ్రాగన్ వచ్చి గుడిలో కూర్చోదు. దాని తరఫున మాట్లాడే మనిషి కావాలి. అలా పుట్టినవాళ్లే డ్రాగన్ పూజారులు. ఆట్మోరాలో వాళ్లు కప్పం తీసుకున్నారు, చట్టాలు పెట్టారు, డ్రాగన్లకూ మనుషులకూ మధ్య శాంతి చెడకుండా చూశారు. జనం సముద్రం దాటి టామ్రియల్ ఖండానికి వచ్చాక అదే వ్యవస్థ క్రూరంగా మారింది. పూజారులు జనాన్ని దాదాపు బానిసల్ని చేశారు. తిరగబడితే అణచివేశారు. జనాన్ని అణచడం, కప్పం రాబట్టడం పూజారుల వల్ల కాని చోట డ్రాగన్లే దిగి ఊళ్లు తగలబెట్టాయి.

ఎందుకిలా జరిగింది? ఆట లోపల చదువుకోవడానికి పెట్టిన 'ద డ్రాగన్ వార్' అనే పుస్తకం మూడు అనుమానాలు చెబుతుంది: అధికార దాహం ఉన్న ఎవరో పూజారి, లేదా ఏదో ఒక డ్రాగన్, లేదా వరసగా వచ్చిన చేతకాని రాజులు. ఏది నిజమో తేల్చదు. ఈ రచనలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కథ రాసేవాడికి ఒక్క వాక్యంతో దుర్మార్గుణ్ని చూపించే వీలుంది. అయినా కారణం తెలియని చరిత్రకారుడి గొంతుతో రాయించారు. నిజమైన చరిత్ర పుస్తకం చదివినట్టు ఉండటానికి కారణం ఆ సంయమనమే.

ఈ మతానికి రాజధాని బ్రోమ్జునార్. ఆటలో అది లాబిరింథియన్ అనే శిథిల నగరంగా కనిపిస్తుంది. అక్కడో చెక్క ముసుగు దొరుకుతుంది. దాన్ని గుడిలో మొహానికి పెట్టుకుంటే శిథిలం మాయమై, గుడి చెక్కుచెదరకుండా ఉన్న కాలానికి చేరతాం. ఎనిమిదిమంది పూజారుల ముసుగులు తెచ్చి అక్కడి విగ్రహాలకు పెడితే తొమ్మిదోది బయటపడుతుంది.

సమాధిలోనూ ఆగని సేవ

ఈ ఆటలో సమాధుల్లోంచి లేచి మీద పడే ఎండు శవాల పేరు డ్రౌగర్‌లు. ఈ పేరు స్కాండినేవియా పాత కథల్లో సమాధిని కాపలా కాసే శవానిది. బెథెస్డావాళ్లు పేరు తీసుకుని, దానికో మత కారణం కల్పించారు. ఆట లోపలి మరో పుస్తకంలో ఒక పరిశోధకురాలు సమాధిలోనే ఉండి డ్రౌగర్‌లను గమనిస్తుంది. కొందరు కొందరుగా వంతులవారీగా లేస్తారు, తమ పూజారి శవపేటిక ముందు సాష్టాంగపడతారు, గది శుభ్రం చేస్తారు, తిరిగి పడుకుంటారు. తమలో మిగిలిన ప్రాణశక్తిని కొంచెం కొంచెంగా పూజారికి ధారపోస్తున్నారని ఆమె నిర్ధారణ. పూజారికి అమరత్వం ఇస్తామని మాట ఇచ్చింది డ్రాగన్లు. ఆ మాట నెరవేరుతున్నది భక్తుల ఒళ్లు ఎండిపోవడం వల్ల. ఇది చదివాక ఆ సమాధుల్లో కత్తి దూయడానికి చెయ్యి రాదు.

రాతి మీద గోళ్ల రాత

ఆట జరిగే స్కైరిమ్ ప్రాంతపు కొండల్లో అక్కడక్కడా వంపు తిరిగిన పెద్ద గోడలు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే ఒక మాట వెలుగుతుంది, కథానాయకుడికి ఒక శక్తి వస్తుంది. ఆ ఒక్క మాట తీసుకుని అందరూ వెళ్లిపోతారు. గోడ మీద ఉన్నది మాత్రం పూర్తి శాసనం. చాలా శాసనాలు 'ఈ రాయి ఫలానా వ్యక్తి స్మృతికి' అనే అర్థంతో మొదలై, ఆ మనిషి ఎలా బతికాడో, ఎలా పోయాడో చెబుతాయి. మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లు చేసే పనే ఇది. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో వైకింగుల కాలపు రూన్ శిలల మీద కూడా ఇదే పద్ధతి: ఎవరి జ్ఞాపకార్థం ఎవరు నిలిపారో రాస్తారు.

ఈ లిపిని రూపొందించినవాడు ఆడమ్ ఆడమోవిచ్, బెథెస్డా చిత్రకారుడు. డ్రాగన్ తన గోళ్లతో రాతిని గీరితే ఎలాంటి గీతలు పడతాయో ఊహించి అక్షరాలు గీశాడు. మొత్తం 34. కొన్ని అక్షర జంటలకు కలిపి ఒకే గుర్తు ఉంటుంది. భాషను కూర్చినవాడు డిజైనర్ ఎమిల్ పాగ్లియారులో. ఈ భాషలో క్రియలకు భూత, భవిష్యత్తు, వర్తమాన భేదం లేదు. చావు లేని జీవులకు అలాంటి భాషే సరిపోతుందని నాకు అనిపిస్తుంది. ఆట విడుదలైన కొద్ది నెలలకే, 2012 ఫిబ్రవరిలో, ఆడమోవిచ్ కన్నుమూశాడు. ఆయన గీసిన అక్షరాలతో అభిమానులు సొంతంగా నిఘంటువులు, కవితలు రాసుకుంటున్నారు. ఆట మొదట్లో వినిపించే పాట కూడా ఈ భాషలోదే. సంగీతం జెరెమీ సోల్. 30 మంది మగ గాయకుల చేత పాడించి, మూడు రికార్డింగులను ఒకదాని మీద ఒకటి చేర్చి, 90 గొంతులు పాడినట్టు వినిపించారు.

దేవుడి మాట మనిషి నోట

మతం కూలిపోయిన తీరు ఇంకా ఆశ్చర్యం. డ్రాగన్‌కు మాటే ఆయుధం. అది కక్కే నిప్పు నిజానికి ఒక పదం. రెండు డ్రాగన్లు ఆకాశంలో పోరాడుతున్నాయంటే అవి వాదించుకుంటున్నట్టే లెక్క. మనిషికి ఆ మాట రానంతకాలం పూజారి గద్దె కదలలేదు.

గాలి దేవత కైన్ కోరిక మీద పార్థర్నాక్స్ అనే డ్రాగన్ మనుషులకు ఆ విద్య నేర్పాడని నోర్డ్‌లు చెప్పుకుంటారు. ఇతను పరాయివాడు కాదు. డ్రాగన్లందరికీ ఏలిక అయిన ఆల్డుయిన్‌కు కుడిభుజం, ఆ క్రూర పాలనలో చేతులు కలిపినవాడు. అక్కడితో డ్రాగన్ల మీద మనుషులు చేస్తున్న యుద్ధం మలుపు తిరిగింది. నేర్చుకున్న మనుషులు ఒక అడుగు ముందుకేసి, డ్రాగన్లు ఎన్నడూ ఎరగని ఒక కొత్త మాట పుట్టించారు. ఏదో ఒక రోజు చచ్చిపోవడమంటే ఏమిటో ఆ మాటలో ఉంది. చావు లేని జీవికి అది బుర్రకెక్కదు. విన్న క్షణాన రెక్కలు కట్టేసినట్టు నేల మీద కూలబడుతుంది. దేవుణ్ని దించడానికి మనిషి వాడినది తనకు మాత్రమే తెలిసిన ఆ చావునే. కల్పిత సాహిత్యంలో ఇంతకు మించిన ఆయుధాన్ని నేను చూడలేదు.

అయినా ఆల్డుయిన్ చావలేదు. గోర్మ్‌లైత్, హాకన్, ఫెల్డిర్ అనే ముగ్గురు వీరులు అతి ఎత్తైన శిఖరం మీద అతనితో తలపడ్డారు. గోర్మ్‌లైత్ నేలకొరిగింది. చివరికి ముసలి ఫెల్డిర్ ఎల్డర్ స్క్రోల్ అనే మాయా పత్రాల చుట్ట తెరిచి ఆల్డుయిన్‌ను కాలంలోంచి బయటికి విసిరేశాడు. వేల ఏళ్ల తర్వాత అతను తిరిగి రావడంతోనే స్కైరిమ్ కథ మొదలవుతుంది.

చివరి కోట, చివరి పటం

ఓడిన మతం ఒక్క రోజులో పోలేదు. ఫోరెల్‌హోస్ట్ అనే కొండ కోటలో మిగిలిన భక్తులు హరాల్డ్ రాజు సైన్యాన్ని ఎదిరించి నిలిచారు. గెలిచే దారి లేదని తెలిశాక తామే విషం తాగారు. మరికొందరు చచ్చిన డ్రాగన్లను గుట్టల కింద జాగ్రత్తగా పూడ్చారు. ఏనాటికైనా లేస్తాయని వాళ్ల నమ్మకం. ఎక్కడెక్కడ పూడ్చారో ఒక రాతి పలక మీద పటం చెక్కి దాచారు. ఆటలో మన మొదటి పెద్ద పని ఆ పలకను తేవడం. ఆల్డుయిన్ లేపుతున్నది ఆ గుట్టల్లోని డ్రాగన్లనే. అంటే భక్తుల నమ్మకం నిజమైంది.

మిరాక్ అనే పూజారి కథ వేరు. యుద్ధానికి ముందే డ్రాగన్ల మీద తిరగబడి, హెర్మేయస్ మోరా అనే మరో శక్తిని ఆశ్రయించాడు. ఒక యజమానిని వదిలి ఇంకో యజమాని దగ్గర చిక్కాడు. 2012 డిసెంబరులో వచ్చిన 'డ్రాగన్‌బోర్న్' అనుబంధమంతా అతని గురించే.

కాలానికి దేవుడు, ముగింపులకు జవాబు

అదే లోకంలో సామ్రాజ్యం కొలిచే ప్రధాన దైవం అకటోష్. ఇతనూ డ్రాగనే, కాలానికి అధిపతి. ఆల్డుయిన్ తానే అతని పెద్ద కొడుకునంటాడు. ఆల్డుయినూ అకటోషూ ఒక్కరేనని సామ్రాజ్య పండితులు కొందరంటారు. కాదని నోర్డ్‌లు పట్టుబడతారు. ఒకరు లోకాన్ని కాపాడే దేవుడు, మరొకరు లోకాన్ని మింగేవాడు. ఇద్దరినీ ఒక్కరనడం వాళ్లకు మింగుడుపడదు. ఈ వాదం మీదా ఆటలో ఒక పుస్తకం ఉంది.

మతంలో సంస్కరణ పేరుతో జరిగిన ఘోరం ఒకటి ఈ కథల్లో ఉంది. మారుఖాటి అనే శాఖ సన్యాసులు అకటోష్‌లో ఎల్ఫ్ జాతి అంశ కలిసి ఉందని, దాన్ని ఊడబెరికి దైవాన్ని శుద్ధి చేయాలని పూనుకున్నారు. కాలమే తెగిపోయింది. 1,008 ఏళ్లు ముందూ వెనకా లేకుండా గడిచాయని లెక్క. దీన్ని 'డ్రాగన్ బ్రేక్' అంటారు.

రచయితలకు ఇది కథలో కథగానే కాక పనిముట్టుగానూ అక్కరకొచ్చింది. 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్' ఆటకు ఒకటికి మించిన ముగింపులున్నాయి. తర్వాతి ఆటలు రాసేటప్పుడు వాటిలో ఏది జరిగినట్టు? అన్నీ ఒకేసారి జరిగాయి, ఆ సమయంలో డ్రాగన్ విరిగింది అన్నారు. ఎవరు ఏ ముగింపు ఎంచుకున్నా అది అబద్ధం కాలేదు. ఆడినవాళ్ల శ్రమకు ఇంత గౌరవం ఇచ్చిన దేవుడు మరే ఆటలో ఉన్నాడో నాకైతే తెలియదు.

మిగిలిన ముసలి డ్రాగన్

పార్థర్నాక్స్ స్కైరిమ్ కాలానికీ బతికే ఉంటాడు. 7 వేల మెట్లున్నాయని చెప్పే కొండ మీద, మౌనంగా బతికే సాధువుల మఠానికి పైన, శిఖరం మీద ధ్యానంలో ఉంటాడు. ఆ సాధువులు అతన్ని లోకం కంట పడనివ్వరు. ఏలాలనే కోరిక డ్రాగన్ రక్తంలోనే ఉందని, రోజూ దాన్ని అణచుకుంటున్నానని అతనే చెబుతాడు. అతనికి గొంతు ఇచ్చిన నటుడు చార్లెస్ మార్టినే, అంటే 2023 వరకు 'మారియో' ఆటల్లో మారియోకు గొంతు ఇచ్చినవాడు. పాత నేరాలకు అతన్ని చంపి తీరాలని బ్లేడ్స్ అనే యోధుల సంఘం మనల్ని అడుగుతుంది. ఆట ఏ తీర్పూ చెప్పదు.

చంపకుండా వదిలేస్తే, ఆల్డుయిన్ పతనం తర్వాత అతను శిఖరం వదిలి ఎగిరిపోతాడు. మిగిలిన డ్రాగన్లకు మాటను అదుపులో పెట్టుకునే మార్గం బోధించడం ఇక తన పని అంటాడు. ఒకప్పుడు మనుషుల చేత మొక్కించుకున్నవాళ్లను శిష్యులుగా కూర్చోబెట్టాలని అతని ఆశ. పక్కనే ఉన్న ఒడావింగ్ అనే ఎర్ర డ్రాగన్‌కు ఆ నమ్మకం లేదు. పాత పెత్తనం పోయి పార్థర్నాక్స్ పెత్తనం వచ్చిందని మా వాళ్లు అనుకుంటారు, చేరేవాళ్లు కొందరే అని మొహం మీదే చెప్పి, తను మాత్రం పిలిస్తే వస్తానని మనకు మాట ఇచ్చి వెళ్లిపోతాడు.