గడియారములయందలి ‘రత్నములు’

పాత చేతిగడియారములను సేకరించువారి మాటలలో ‘జ్యూయెల్’ అనునది ముఖ్యము. దానిని రత్నమని తెనిఁగించుట సులభమే గాని యర్థమునకుఁ జేటు.

ఈ రాళ్లు సొగసునకుఁ గావు. చక్రముల యిరుసుకొనలు లోహరంధ్రములలోఁ దిరిగినచో రాపిడిచే రంధ్రము లరుగును. కఠినమగు కెంపును దొలిచి యచట నమర్చినచో నరుగుదల మిక్కిలి తగ్గును. ఈ యుపాయమునకు నికొలా ఫాసియో, డెబోఫ్రే వంశపు గడియారకారు లిరువురితోఁ గూడి, 1704లో లండనునందు హక్కుపత్రమును వడసెను. 1902లో వెర్నెయి కృత్రిమపుఁ గెంపులఁ జేయు పద్ధతిని బ్రకటించిన పిమ్మట వీని వెల స్వల్పమయ్యెను. రత్నములకై పాత గడియారమును విప్పువానికి దక్కునది శ్రమయే.

హెచ్.ఎం.టి. వారి ‘జనతా’ ముఖముపైఁ గానవచ్చు 17 అను లెక్క యెట్టిది? ఇటునటు నూఁగుచుఁ గాలమును గొలుచు డోలాచక్రమునకు రంధ్రపురాళ్లు 2, ఇరుసుకొన లానుకొను మూఁతరాళ్లు 2, తోపు నందుకొను రాయి 1. ఆ తోపు నిచ్చు లంగరు చేతులకు 2. లంగరు, దానిచే నాఁగియాఁగి కదలు పండ్లచక్రము, నాలవ, మూఁడవ, నడిమి చక్రములు అను నైదింటి యిరుసులకు రెండేసి చొప్పున 10.

1960 దశకమున 100 రాళ్లని చాటి యమ్మినవారును గలరు. అందుఁ బెక్కు పనిలేనివి. పనిచేయు రాళ్లను జేయనివానినుండి వేఱుపఱచు ఐ.ఎస్.ఓ. 1112 ప్రమాణము 1974లో వెలువడెను.

రంధ్రపురాతికి, కుండ నిలుపు కుదురును బట్టి, ‘కెంపుకుదురు’ అనవచ్చును. కాని పై లెక్కలోఁ గుదుళ్లు 12 మాత్రమే. తక్కిన 5టికి నా పేరు చెల్లదు. అన్నిటికిని సామాన్యముగాఁ ‘గెంపురాయి’ యనుటయే మేలు.