పుపుసాల కొట్టులో బిట్‌కాయిన్

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఎల్ జోంటే అని ఒక పల్లె. మొక్కజొన్న పిండి ముద్దలో ఉడికించిన చిక్కుడు గింజలో, చీజో కూరి పెనం మీద కాల్చే ‘పుపుసా’ ఆ దేశంలో అందరికీ ఇష్టమైన తిండి. 2019లో, పేరు చెప్పని ఒక దాత ఇచ్చిన బిట్‌కాయిన్లతో ఆ పల్లెలో ఒక ప్రయోగం మొదలైంది. కొంతకాలానికి చిన్న చిన్న కొట్లవాళ్ళు కూడా సెల్‌ఫోనులో బిట్‌కాయిన్ తీసుకోసాగారు.

“మా వీధి టీ కొట్టులోనూ ఫోనుతోనే డబ్బిస్తాం కదా, ఇందులో వింతేముంది?” అంటారేమో. మీ ఫోను ద్వారా పోయేవి రూపాయలే. ఒక బ్యాంకు తన పద్దుల్లో మీ పేరున ఇంత తగ్గిస్తుంది, మరో బ్యాంకు కొట్టతని పేరున అంత కలుపుతుంది. 2009లో మొదలైన బిట్‌కాయిన్‌కు బ్యాంకు లేదు. ఉన్నది ఒకే పద్దుల పుస్తకం. దాని నకళ్ళు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. సొమ్ము పంపేవారు తమ రహస్య సంఖ్యతో సంతకం వంటిది చేస్తారు. ఆ సంతకం సరైనదేనా, ఆ సొమ్ము ఇంతకుముందే ఖర్చయిపోయిందా అని కంప్యూటర్లు సరిచూస్తాయి. సుమారు పది నిమిషాలకొకసారి కొత్త పద్దులు ఒక పుటగా పుస్తకంలో చేరతాయి.

పది నిమిషాలు ఆగితే పుపుసా చల్లారిపోదూ! అందుకే ‘లైట్నింగ్’ అనే ఉపాయం కనిపెట్టారు. ముందుగా కొంత సొమ్ము కట్టి ఉంచి, చిన్న చిన్న కొనుగోళ్ళను పక్కన లెక్క రాసుకుంటూ, చివర తేలిన మొత్తాన్ని మాత్రమే పెద్ద పుస్తకానికి ఎక్కిస్తారు. మన కిరాణా కొట్టు ఖాతా వంటిదే, కాకపోతే ఇందులో అరువు లేదు.

దీనివల్ల కొట్టువాళ్ళకు లాభం లేకపోలేదు. ఎల్ సాల్వడార్‌లో పెద్దవాళ్ళలో సగానికి పైగా బ్యాంకు ఖాతా లేనివారే. దేశాదాయంలో ఐదో వంతుకు మించి, పరదేశాల్లో పనిచేసే బంధువులు పంపే డబ్బే. బ్యాంకు గడప తొక్కకుండా, ఎవరి అనుమతీ లేకుండా డబ్బు అందుకోగలగడం చిన్న విషయం కాదు. దీన్నే ఆర్థిక స్వాతంత్ర్యమని అన్నారు. 2021 సెప్టెంబరు 7 నుంచి ఆ దేశం బిట్‌కాయిన్‌ను చట్టబద్ధమైన డబ్బుగా చేసింది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా అక్కడ చలామణీలో ఉన్నది అమెరికా డాలరు.

ఇక ఆ మొదటి రోజు లెక్క చూద్దాం. ఆ రోజు ఒక బిట్‌కాయిన్ ధర సుమారు 52,000 డాలర్లుండగా, కొద్ది గంటల్లోనే 43,000కు పడి, మళ్ళీ కొంత లేచింది. ఒకావిడ పొద్దున 40 డాలర్ల పుపుసాలు అమ్మి, అంతా బిట్‌కాయిన్‌లోనే పుచ్చుకుందనుకోండి. ధర పడ్డప్పుడు ఆ సొమ్ము విలువ 33 డాలర్లు. పిండికీ, గింజలకూ, గ్యాసుకూ ఆవిడ చెల్లించవలసింది 34 డాలర్లయితే? లాభం పోవడమే కాదు, చేతి డబ్బు ఒక డాలరు వేసుకోవాలి. ఆవిడ అప్పులన్నీ డాలర్లలో ఉన్నాయి సుమా! బిట్‌కాయిన్ ధర పడిందని పిండి వ్యాపారి తగ్గించుకోడు.

ధర ఎందుకింతగా ఊగుతుంది? బిట్‌కాయిన్లు మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించకూడదని నియమం. కొత్తవి పుట్టే వేగం కూడా ముందే నిర్ణయమై ఉంది. కొనేవారు పెరిగారని ఎక్కువ ముద్రించడానికీ, తగ్గారని వెనక్కి తీసుకోవడానికీ ఎవరూ లేరు. కాబట్టి గిరాకీలో వచ్చే కుదుపంతా ధరే మోయాలి. దేన్ని స్వాతంత్ర్యమంటున్నామో అదే ఈ ఊగిసలాటకూ కారణమన్నమాట. 2021 నవంబరులో 68,000 డాలర్లు దాటిన ధర ఏడాదికి 16,000 దిగువకు వచ్చింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. పడినప్పుడు కొని దాచుకున్నవారు బాగుపడ్డారు, నిజమే. కాని రేపటి పిండి కొనవలసిన మనిషి రెండేళ్ళు దాచగలదా?

పుచ్చుకున్న వెంటనే డాలర్లుగా మార్చేసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ప్రభుత్వపు ‘చివో’ యాప్‌లో ఆ వీలు కల్పించి, అందుకు 15 కోట్ల డాలర్ల నిధి కేటాయించారు. అంటే ఊగిసలాట మాయం కాలేదు, కొట్టావిడ నెత్తి మీది నుంచి ప్రజల సొమ్ము మీదికి మారింది. పైగా మధ్యవర్తి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు! మధ్యవర్తే వద్దనుకుని రహస్య సంఖ్యను తనే దాచుకుంటే ఇంకో భయం. దాన్ని పోగొట్టుకుంటే తిరిగి ఇప్పించే కార్యాలయం భూమ్మీద ఎక్కడా లేదు.

చట్టం వచ్చిన కొన్ని నెలలకు పరిశోధకులు 1,800 కుటుంబాలను కలిసి అడిగి చూశారు. బిట్‌కాయిన్ తీసుకుంటున్నామన్న వ్యాపారాలు నూటికి 20 మాత్రమే, అవీ ఎక్కువగా పెద్దవి. 2025 జనవరిలో, అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 140 కోట్ల డాలర్ల అప్పు ఒప్పందంలో భాగంగా, ఆ దేశం చట్టాన్ని సవరించింది. ఇప్పుడు పుపుసాలావిడ ఇష్టమైతే బిట్‌కాయిన్ పుచ్చుకోవచ్చు, లేదంటే డాలర్లే ఇమ్మనవచ్చు.