‘చెడు రక్తమేలే, పోనీ’ అని ఊరుకోవద్దు!

కాన్పు తర్వాత బ్లీడింగ్ అందరికీ అవుతుంది. ఎంత అయితే మామూలు, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి, పోయిన ఓపిక మళ్లీ ఎలా వస్తుంది? బాలింత ఒక్కతే కాదు, ఇంట్లో వాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతులివి.

కాన్పయి 13వ రోజు. పుట్టింట్లో ఉంది. రాత్రి ఒంటిగంటకు బిడ్డకు పాలిచ్చి, పడుకోబెట్టి, బాత్రూమ్‌కని లేచింది. నాలుగు రోజులుగా గోధుమ రంగులో కొద్దికొద్దిగా కనిపిస్తున్నది కాస్తా మళ్లీ ఎర్రగా మొదలైంది. గంట తిరక్కుండానే ప్యాడ్ నిండిపోయింది. మార్చుకుంది. అదీ నిండింది.

‘అమ్మా, మళ్లీ బాగా అవుతోంది’ అని లేపింది.

‘చెడు రక్తం కదమ్మా, పోవాలి. లోపల ఉండిపోతేనే ప్రమాదం. ఏం కాదు, పడుకో’ అంది అమ్మ.

దుప్పటి కింద ఫోన్ తీసి వెతికింది. ఒకచోట రెండు వారాలన్నారు, ఇంకోచోట ఆరు వారాలన్నారు. ఒక వీడియోలో కషాయం తాగమన్నారు. ఏది నమ్మాలో తెలీక, ఇంత రాత్రప్పుడు అందరినీ లేపడం ఎందుకని ఊరుకుంది.

ఇలాంటి రాత్రి ఎన్నో ఇళ్లలో గడుస్తుంది. అమ్మ మాటలో ప్రేమకు లోటు లేదు. వాళ్లమ్మ తనకు చెప్పిందే తనూ చెప్పింది. కానీ ‘చెడు రక్తం’ అన్న ఆ ఒక్క మాట వల్లే చాలామంది ఆసుపత్రికి వెళ్లాల్సిన సమయంలో ఇంట్లో పడుకుంటున్నారు.

అసలు ఆ రక్తం ఎక్కడిది?

తొమ్మిది నెలలు బిడ్డకు ఆహారం అందించిన మాయ, కాన్పు అయ్యాక గర్భసంచి గోడ నుంచి ఊడి వచ్చేస్తుంది. అది అంటుకుని ఉన్నచోట దాదాపు అరచేయంత పుండు మిగులుతుంది. అక్కడ తెరుచుకుని ఉన్న రక్తనాళాలను మూసేది గర్భసంచే. పిడికిలి బిగించినట్టు గట్టిగా ముడుచుకుని వాటిని నొక్కేస్తుంది. కాన్పు అవ్వగానే దాదాపు కిలో బరువుండే గర్భసంచి, ఆరు వారాల్లో 100 గ్రాముల లోపుకు వచ్చేస్తుంది. ఈలోపు పుండు మానుతూ, లోపలి పొర రాలుతూ బయటికి వచ్చేదే ఈ స్రావం. డాక్టర్లు దీన్ని ‘లోకియా’ అంటారు.

అంటే ఇది ఒంట్లో పేరుకున్న చెడు కాదు. మన ఒంట్లో తిరిగే మంచి రక్తమే. ఎంత ఎక్కువ పోతే అంత శుద్ధి అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఎంత పోతే అంత నష్టమే.

‘నాకు సిజేరియన్ కదా, బ్లీడింగ్ ఎందుకు?’ అని కొందరు కంగారు పడతారు. ఆపరేషన్ అయినా మాయ ఊడిన చోటు మానాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో ప్రతి 10 కాన్పుల్లో దాదాపు 6, ఆంధ్రప్రదేశ్‌లో 4 సిజేరియన్లే. కాబట్టి ఈ సందేహం చాలామందిదే. కొంచెం తక్కువ కావచ్చేమో గానీ, సిజేరియన్ అయిన వాళ్లకూ కొన్ని వారాల పాటు స్రావం ఉంటుంది.

ఎన్ని రోజులు? ఏ రంగు?

రోజులు లెక్కపెట్టడం కన్నా రంగు ఎటు మారుతోందో చూసుకోవడం మంచిది.

• మొదటి 3-4 రోజులు: ముదురు ఎరుపు. నెలసరి కన్నా ఎక్కువే అవుతుంది. చిన్న చిన్న గడ్డలు కూడా పడొచ్చు.

• సుమారు 10-14వ రోజు వరకు: గులాబీ లేదా గోధుమ రంగు. పలచబడుతూ తగ్గుతుంది.

• ఆ తర్వాత: పసుపు, తెలుపు కలిసిన స్రావం. సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో ఆగిపోతుంది. కొందరికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు.

మొత్తమ్మీద ఎరుపు నుంచి తెలుపు వైపు, ఎక్కువ నుంచి తక్కువ వైపు వెళ్తుండాలి. మధ్యలో కొన్ని హెచ్చుతగ్గులు మామూలే. పొద్దున మంచం మీంచి లేవగానే ఒక్కసారిగా ఎక్కువ వచ్చినట్టు అనిపిస్తుంది. పడుకున్నప్పుడు లోపల నిలిచింది నిలబడగానే దిగుతుంది, అంతే. పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టుండి స్రావం కాస్త పెరుగుతుంది. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ హార్మోన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. ఆ నొప్పి మంచికే. ఒకటి రెండు వారాల మధ్య, పుండు మీది పెచ్చు ఊడినప్పుడు కాసేపు ఎర్రగా అయి తగ్గిపోవచ్చు.

ఎక్కువ తిరిగినా, బరువులెత్తినా, మెట్లెక్కినా తగ్గిన బ్లీడింగ్ మళ్లీ ఎర్రగా రావొచ్చు. అది ‘కాస్త ఆగమ్మా’ అని ఒళ్లు చెప్పే మాట. పడుకుంటే తగ్గిపోవాలి. తగ్గలేదంటే ఇక విశ్రాంతితో సరిపెట్టుకోకూడదు.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

• గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ, వరసగా రెండు గంటలు అలాగే ఉంటే
• నిమ్మకాయంత లేదా అంతకన్నా పెద్ద గడ్డలు పడితే
• గోధుమ, తెలుపు రంగుకు వచ్చాక మళ్లీ ఎర్రగా మొదలై, పడుకున్నా తగ్గకపోతే
• స్రావం దుర్వాసన వస్తుంటే, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం, వణుకు, పొత్తికడుపులో నొప్పి ఉంటే
• కళ్లు తిరగడం, గుండె దడ, చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం, సొమ్మసిల్లడం ఉంటే

దడ, చల్లని చెమటలతో బ్లీడింగ్ కూడా ఉంటే కారు కోసం, భర్త ఊరి నుంచి రావడం కోసం చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా పడుకోబెట్టి ఉంచాలి. ఒంటరిగా బాత్రూమ్‌కు పంపొద్దు, అక్కడ కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం... వీటికి బ్లీడింగ్‌తో సంబంధం లేకపోయినా బాలింతకు ఇవీ అత్యవసరాలే.

వారాల తర్వాత ఎందుకు మొదలవుతుంది?

కాన్పయిన 24 గంటలు దాటాక, 12 వారాల లోపు ఎప్పుడైనా అసాధారణంగా బ్లీడింగ్ అయితే డాక్టర్లు దాన్ని ‘సెకండరీ పీపీహెచ్’ అంటారు. ఎక్కువగా రెండే కారణాలు. ఒకటి, మాయ ముక్క చిన్నది లోపల ఉండిపోవడం. అది ఉన్నంతసేపు గర్భసంచి పూర్తిగా ముడుచుకోలేదు. రెండోది, గర్భసంచికి ఇన్ఫెక్షన్. కొందరిలో రెండూ కలిసే ఉంటాయి. అరుదుగా రక్తం సరిగ్గా గడ్డకట్టని సమస్య అప్పటిదాకా తెలియక, కాన్పు తర్వాతే బయటపడుతుంది.

ఆసుపత్రిలో బీపీ, నాడి చూస్తారు. రక్తపరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్స్, గర్భసంచి ముడుచుకోవడానికి మందులు ఇస్తారు. ముక్క మిగిలి ఉంటే కొందరికి దాన్ని తీసేయాల్సి వస్తుంది. రక్తం బాగా పోతే ఎక్కిస్తారు. వైద్యం ఉంది. సమయానికి వెళ్లడమే కావాలి.

మరో సంగతి. ప్రసవం అయిన వెంటనే కాపర్-టీ వేయించుకున్నా, గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకున్నా బ్లీడింగ్ ఎక్కువ రోజులు, అడపాదడపా కనిపించొచ్చు. మీకు వేశారో లేదో గుర్తులేకపోతే డిశ్చార్జ్ కాగితం చూడండి. డాక్టర్‌కు ముందే చెప్పండి. ఇక బిడ్డకు తల్లిపాలు ఇవ్వని వాళ్లకు 6-8 వారాలకే నెలసరి తిరిగి రావొచ్చు. నెలసరి రాకముందే మళ్లీ గర్భం రావొచ్చన్నది మాత్రం భార్యాభర్తలిద్దరూ గుర్తుంచుకోవాలి.

ఫోన్‌ని ఇలా వాడండి

రాత్రిళ్లు వీడియోలు వెతకడం కన్నా ఫోన్‌లో నోట్స్ తెరిచి ఈ నాలుగు రాసుకోవడం వెయ్యి రెట్లు మేలు: ప్యాడ్ మార్చిన టైమ్, ఎంత తడిసింది, రంగు, గడ్డ ఉంటే ఎంత సైజు. సిగ్గుపడకుండా ఫొటో తీసి పెట్టుకోండి. ‘బాగా అవుతోంది డాక్టర్’ అంటే ఎవరి లెక్క వాళ్లది. ‘ఒంటిగంట నుంచి మూడు గంటల మధ్య మూడు ప్యాడ్లు పూర్తిగా తడిశాయి’ అంటే అవతల వాళ్లకు పరిస్థితి వెంటనే అర్థమవుతుంది.

ఈ ఆరు వారాలూ ప్యాడ్లే వాడాలి. టాంపన్లు, మెన్‌స్ట్రువల్ కప్పులు వద్దు, ఇన్ఫెక్షన్ వస్తుంది. పెద్దగా తడవకపోయినా నాలుగు గంటలకోసారి మార్చుకోవాలి. మూత్రం ఆపుకోవద్దు. మూత్రసంచి నిండి ఉంటే గర్భసంచి సరిగ్గా ముడుచుకోదు.

పథ్యంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి?

పుట్టింటి పురిటి మర్యాదల్లో మంచి చాలా ఉంది. వంటపని లేకుండా చూడటం, వేడివేడిగా వండి పెట్టడం, వేన్నీళ్ల స్నానం, నూనెతో ఒళ్లు పట్టడం... ఏ డాక్టరూ వీటిని కాదనరు. చిక్కల్లా మూడింటితోనే.

ఒకటి, నీళ్లు తగ్గించడం. ‘నీళ్లు తాగితే పొట్ట వస్తుంది’ అని గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారు. రక్తం పోయి, పాలిస్తున్న తల్లికి మామూలు కన్నా ఎక్కువ నీళ్లు కావాలి.

రెండు, కూరలన్నీ మానిపించడం. కారప్పొడి, అన్నంతోనే వారాలు గడిపేస్తే పోయిన రక్తం ఎలా పడుతుంది? వెల్లుల్లి కారం పెట్టండి, దాంతోపాటు పప్పు, తోటకూర, మునగాకు, గుడ్డు, తినేవాళ్లకు మాంసం, చేప కూడా పెట్టండి.

మూడు, నడికట్టు. నడుముకు ఆసరాగా హాయిగా ఉంటే కట్టుకోవచ్చు. కానీ గర్భసంచి ముడుచుకునేది హార్మోన్లతో, బట్టతో కాదు. ఊపిరాడనంత బిగించడం వల్ల లాభం లేదు.

నీరసం ‘మామూలే’ కాదు

అదే జాతీయ సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల మహిళల్లో ప్రతి 10 మందిలో దాదాపు 6 మందికి రక్తహీనత ఉంది. అంటే చాలామంది కాన్పు గదిలోకి అడుగుపెట్టేసరికే రక్తం తక్కువతో ఉంటున్నారు. ఒకరు తట్టుకోగలిగినంత బ్లీడింగే ఇంకొకరిని కూలదోసేస్తుంది. అందుకే ‘నాకూ ఇంతే అయింది, ఏం కాలేదు’ అన్న అక్క మాట మీకు కొలమానం కాదు.

కాన్పు తర్వాత 180 రోజులు, అంటే ఆరు నెలలు, రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. ఆశా, ఏఎన్‌ఎం దగ్గర ఉచితంగా ఇస్తారు. హిమోగ్లోబిన్ బాగా తగ్గితే మోతాదు పెంచడమో, సెలైన్‌లో ఐరన్ ఎక్కించడమో డాక్టర్ నిర్ణయిస్తారు. మాత్రను టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, జామపండు తింటూనో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అయితే భయం లేదు, అది మాత్ర రంగే. కడుపులో తిప్పుతుంటే మానేయకుండా రాత్రి భోజనం తర్వాత వేసుకుని చూడండి. అయినా పడకపోతే డాక్టర్‌ని అడిగి వేరే రకం మార్పించుకోండి.

ఊరికే ఏడుపు రావడం, చిరాకు మొదటి రెండు వారాల్లో చాలామందికి ఉండేవే. అంతకు మించి సాగితే, బిడ్డను ఎత్తుకోవాలని కూడా అనిపించకపోతే అది బద్ధకం కాదు, వైద్యం ఉన్న జబ్బు. టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

అడిగి తీసుకోవాల్సినవి

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చేది బిడ్డ బరువు చూడ్డానికే కాదు, తల్లిని అడగడానికి కూడా. ఆమె అడగకపోతే మీరే చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాన్పయ్యాక మొదటి 24 గంటల్లో, మళ్లీ 2-3 రోజులకు, 7-14 రోజుల మధ్య, ఆరో వారంలో తల్లికి పరీక్షలు జరగాలంటోంది. మనింట్లో బిడ్డ టీకా తేదీ అందరికీ గుర్తుంటుంది, తల్లి చెకప్ తేదీ ఎవరికీ గుర్తుండదు. ఆ తేదీని భర్త ఫోన్‌లో అలారం పెట్టుకుంటే సగం పని అయినట్టే.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, ప్రయాణం ఉచితం. కాన్పు తర్వాత వచ్చే సమస్యలకూ దీన్ని వర్తింపజేశారు. ఖర్చుకు భయపడి ఇంట్లో ఉండిపోవాల్సిన పని లేదు.

అమ్మలకో మాట

పురుడు పోసే అమ్మలూ, అత్తలూ, అమ్మమ్మలూ... మీరు మీ పద్ధతులన్నీ మార్చుకోనక్కర్లేదు. ఒక్క మాట మార్చుకుంటే చాలు. అర్ధరాత్రి అమ్మాయి లేపి ‘బాగా అవుతోంది’ అన్నప్పుడు, ‘చెడు రక్తంలే’ అనే బదులు ‘ఎన్ని ప్యాడ్లు మార్చావమ్మా?’ అని అడగండి. ‘గంటలో రెండోది’ అని జవాబొస్తే లైటు వేసి, ఫోన్ అందుకోండి. బిడ్డను చూసుకోవడానికి ఒకరు, అమ్మాయితో వెళ్లడానికి ఒకరు. వెళ్లాక ఏమీ లేదని డాక్టర్ ఇంటికి పంపేస్తే నవ్వుకుంటూ వచ్చేయొచ్చు. ఆ రాత్రి నిద్ర పోయిందంతే, ఇంకేం పోలేదు.