గెజిట్‌కెక్కని భూమి

‘హైకోర్టులో గెలిచిన వక్ఫ్ బోర్డు సుప్రీంకోర్టులో ఎలా ఓడింది?’ మణికొండ భూముల ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. దీనికి సమాధానం ప్రతి ముస్లిం కుటుంబమూ తెలుసుకోవాలని మేము భావిస్తున్నాము.

నేడు సాఫ్ట్‌వేర్ సంస్థల అద్దాల మేడలు వెలసిన ఈ ప్రాంతంలో 1654 ఎకరాల 32 గుంటలు హజ్రత్ హుసైన్ షా వలీ దర్గా వక్ఫ్ అని బోర్డు 2006 మార్చి 13న సవరణ నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రభుత్వం దానిని రిట్ పిటిషన్ ద్వారా సవాలు చేసింది. 2012 ఏప్రిల్ 3న హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది.

అయితే వ్యాజ్యం అక్కడితో ముగియలేదు. రాజ్యాంగంలోని 136వ అధికరణం ప్రకారం ఓడిన పక్షం అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరవచ్చు. సాధారణ గడువు 90 రోజులు. ఇది హక్కు కాదు, న్యాయస్థానం విచక్షణ. అనుమతి నిరాకరించినంత మాత్రాన కింది తీర్పు సరైనదని సుప్రీంకోర్టు ధ్రువీకరించినట్లు కాదు. అనుమతి లభిస్తే మాత్రం అసలు వివాదమంతా మళ్ళీ విచారణకు వస్తుంది.

ఇక్కడ అదే జరిగింది. 2022 ఫిబ్రవరి 7న న్యాయమూర్తులు హేమంత్ గుప్తా, వి. రామసుబ్రమణియన్‌ల ధర్మాసనం హైకోర్టు తీర్పును రద్దు చేసి, ఆ భూమి ప్రభుత్వానిదేనని ప్రకటించింది. జాగీర్ల రద్దుతో భూమి ప్రభుత్వపరమైందని ధర్మాసనం పేర్కొంది. 1989 గెజిట్‌లో దర్గా పేరిట నమోదైనది 5506 చదరపు గజాలే. తగిన విచారణ లేకుండా వందలాది ఎకరాలను దానికి చేర్చడం అక్షరదోషాన్ని దిద్దడం కాదని, అది కొత్త ప్రకటనేనని తేల్చింది.

ఈ తీర్పు మనసుకు బాధ కలిగించేదే. కానీ బాధపడి ఊరుకుంటే లాభమేమిటి? అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు సైతం రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఆదేశిస్తోంది. చిన్న అప్పుకే అంత జాగ్రత్త అవసరమైతే, అల్లాహ్ పేరిట అంకితమైన ఆస్తికి మరెంత కావాలి!

మీ మొహల్లా మస్జిద్, ఖబరస్తాన్ కాగితాలు ఎవరి వద్ద ఉన్నాయి? గెజిట్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయా? ఈ జుమా నమాజు తర్వాత ముతవల్లీని మర్యాదగా అడగండి. తప్పు ఉంటే ఇప్పుడే చట్టప్రకారం సరిచేయించండి. అప్పీలుకు అనుమతి దొరికినా, అక్కడ మన తరఫున మాట్లాడవలసింది ఆ కాగితాలే.