పటం విప్పితే... హీరో పెద్దవాడవుతాడు!

స్పైడర్‌మ్యాన్ వయసెంత?

మీ ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్లాణ్ని అడిగి చూడండి. ‘కాలేజీ కుర్రాడు’ అంటాడు ఠక్కున. వాళ్ల నాన్నని చిన్నప్పుడు అడిగినా అదే జవాబు వచ్చేది. నిజానికి పీటర్ పార్కర్ 1962లో తొలిసారి కామిక్ పుస్తకంలోకి వచ్చినప్పటికే హైస్కూలు విద్యార్థి. ఆ లెక్కన ఈపాటికి ఎనభైకి దగ్గరపడి మోకాళ్లకి మందు రాసుకుంటూ కూర్చోవాలి. గోడలు పాకడం మాట దేవుడెరుగు!

అతనికి వయసు రాకుండా ఎంత జాగ్రత్త పడ్డారంటే... 1987లో మేరీ జేన్‌తో పెళ్లి చేశారు. తీరా చేశాక చిక్కొచ్చి పడింది. పెళ్లైన హీరో పెద్దాడిలా కనిపిస్తున్నాడన్నది కంపెనీ సంపాదకుల బెంగ. 2007లో, పెంచిన పెద్దమ్మ ప్రాణం కాపాడుకోవడానికి ఓ దయ్యంతో బేరం కుదుర్చుకున్నట్టు కథ అల్లి, ఆ పెళ్లే జరగలేదన్నట్టు చెరిపేశారు. మన టీవీ సీరియళ్ల వాళ్లకి కూడా తట్టని మలుపు!

అందరు హీరోలూ ఇలాగే అనుకోకండి. బ్రిటన్‌లో 1977లో మొదలైన జడ్జ్ డ్రెడ్‌కి మనలాగే ఏడాదికో ఏడు నిండుతుంది. ఎరిక్ లార్సెన్ 1992 నుంచీ నడుపుతున్న ‘శావేజ్ డ్రాగన్’లో హీరోకి కొడుకు పుట్టి, పెరిగి, చివరికి తండ్రి స్థానంలోకి వచ్చాడు. 2019లో స్పైడర్‌మ్యాన్‌కీ ఆ ముచ్చట తీర్చారు. ‘లైఫ్ స్టోరీ’ పేరుతో ఆరు పుస్తకాలు, ఒక్కో పుస్తకంలో ఒక్కో దశాబ్దం. చివరికొచ్చేసరికి పీటర్ జుట్టు నెరిసిన ముసలాయన. పాఠకులకి అదో పెద్ద వింత.

మన చందమామ విక్రమార్కుడు మాత్రం? శవాన్ని భుజాన వేసుకుని ఎన్ని దశాబ్దాలు నడిచినా మీసం నెరవలేదు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారికి మాత్రం వయసొచ్చింది. తొంభై దాటాక, 2020లో కన్నుమూశారు.

మూరల కొద్దీ బొమ్మలు

జనగామ నుంచి సిద్దిపేట వెళ్లే దారిలో చేర్యాల వస్తుంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 దాకా జనగామలాగే వరంగల్ జిల్లా ఊరే. అక్కడి నకాషీ చిత్రకారులు తరతరాలుగా గీస్తున్నవి అచ్చంగా బొమ్మల కథలే. కాకపోతే పేజీలు తిప్పక్కర్లేదు. మూడడుగుల వెడల్పు, ముప్ఫై నుంచి అరవై అడుగుల పొడవున్న గుడ్డ. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపి పట్టిస్తారు. ఆరాక ఎర్రటి రంగు మీద వరసలు వరసలుగా బొమ్మలు. వరసకీ వరసకీ మధ్య పూల అంచు. మొదట గణపతి, ఆ తర్వాత కథ. రాత్రిపూట దాన్ని గుంజకో చెట్టుకొమ్మకో వేలాడదీసి, ఒక్కో వరసే విప్పుతూ కథకులు పాడతారు. ఒక్కో కథకి రాత్రుళ్లకు రాత్రుళ్లు పడుతుంది.

కులానికో కథ. దాన్ని చెప్పడానికి మళ్లీ ఓ ఆశ్రిత కులం. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజ్‌లకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు. కూనపులివారి పటమే మన ప్రశ్నకి సరైన జవాబు.

ఆ కథలో మార్కండేయుడు ఉంటాడు. మృకండ మహర్షికి లేకలేక పుట్టినవాడు. పదహారేళ్లే ఆయుష్షు. యముడు పాశం విసిరితే శివలింగాన్ని కౌగిలించుకుంటాడు. శివుడు ప్రత్యక్షమై అతణ్ని చిరంజీవిని చేస్తాడు. ఎప్పటికీ పదహారేళ్లే! స్పైడర్‌మ్యాన్‌కి కంపెనీ ఇచ్చిన వరం ఇదేగా?

అమెరికాలోనైతే కథ ఇక్కడే ఆగి, అదే పదహారేళ్ల కుర్రాడు నెలకో రాక్షసుణ్ని చంపుతూ ఉండేవాడు. పటం మాత్రం ఆగదు. ఇంకో వరస విప్పితే మార్కండేయుడు యజ్ఞం చేస్తుంటాడు. అందులోంచి భావనారుషి పుడతాడు. పెరిగి పెద్దవాడై తామరతూళ్ల నుంచి నూలు తీసి దేవతలకి బట్టలు నేస్తాడు. పులినెక్కి తిరుగుతాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. నూటొక్కమంది కొడుకులు పుడతారు. వాళ్ల పేరన నూటొక్క గోత్రాలు. అంటే పటం ముందు చాప మీద కూర్చున్న నేతకారుడి గోత్రం కూడా అందులో ఉంటుందన్నమాట.

అందుకే ఈ హీరోకి పెళ్లి తప్పదు, పిల్లలు తప్పరు. నెలనెలా అమ్ముడుపోవాల్సిన హీరోకి వయసొస్తే వ్యాపారం పోతుంది. ఇక్కడ హీరో ముత్తాతల ముత్తాత కావాలి. అతను కుర్రాడిగానే ఉండిపోతే వినేవాడికి వంశమే లేదు. కథకులకి కూడా ఏ ఊళ్లలో చెప్పుకోవాలన్నది మిరాశీ హక్కుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. హీరోతో పాటు కథకుడూ తరం మారతాడు.

భర్త మహబూబాబాద్ నుంచి...

అడవి వైపు వెళితే దేవతలకీ ఇదే వరస. మేడారం సమ్మక్క కథనే తీసుకోండి. (2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా మేడారం భూపాలపల్లి జిల్లాలోదే.) పులుల మధ్య కోయదొరలకి దొరికిన పసిపాపగా మొదలవుతుంది. పెరిగి పగిడిద్దరాజుని పెళ్లాడుతుంది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్నలకి తల్లవుతుంది. కాకతీయ సేనలతో పోరాడే నాటికి పక్కన కూతురు, కొడుకు, అల్లుడు గోవిందరాజు కూడా ఉంటారు. రెండు తరాలు ఒకే యుద్ధంలో! కూలిపోయిన కొడుకు పేరు జంపన్న వాగుకి మిగిలింది. గాయపడ్డ తల్లి చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది. దొరికింది కుంకుమ భరిణె.

పగిడిద్దరాజు ఉండేది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్లలో. రెండేళ్లకోసారి జాతరకి పెనక వంశం పూజారులు ఆయన్ని అడవి దారిన కాలినడకన మేడారం తీసుకెళతారు. ఆలుమగలు కలిసేది అప్పుడే.

కోయల్లో ఈ వంశావళులు పాడేది డోలీలు. త్రికోణపు గుడ్డ మీద పూర్వీకుల బొమ్మలుండే పడిగెను చూపుతూ, ఎవరి తర్వాత ఎవరో చెబుతారు. అలాంటి గాయకుడు సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఇక ఒగ్గు కథలోనైతే బొమ్మే అక్కర్లేదు. కథకుడే పసివాడు, పెళ్లికొడుకు, ముసలమ్మ... జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య అలా వేలసార్లు పెరిగి పెద్దవాడై, 2017లో కన్నుమూశారు.

ఇప్పుడు చేర్యాలలో పొడవాటి పటం గీయించుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఎక్కువగా అమ్ముడయ్యేవి గోడకి తగిలించుకునే ఫ్రేములు, కీచెయిన్లు, మాస్కులు. చిత్రకారుల పొయ్యి వెలుగుతోంది ఆ సరుకు వల్లే, తప్పుపట్టలేం. కాకపోతే ఒక్క బొమ్మే కోసి ఫ్రేములో బిగిస్తే మార్కండేయుడు మళ్లీ పదహారేళ్ల దగ్గరే ఆగిపోతాడు. కింది వరసలో ఉన్న కొడుకు అతనికి పుట్టడు.

పాత పద్ధతి వేరు. పాడీ పాడీ చిరుగులు పట్టిన పటాన్ని కథకులు పారేయరు, అమ్ముకోరు. పెద్దవాళ్లని సాగనంపినట్టే పూజ చేసి నదిలో వదులుతారు. దానికి ముందే చేర్యాల వచ్చి, పాతదాన్ని పరిచి, వరస తప్పకుండా కొత్తది గీయించుకుంటారు.